తిరుపతిలో కుటుంబాలకు క్రిస్మస్ ఓరియంటీరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు మూడో ఆదివారం ఉదయం చంద్రగిరి వైపున్న ఒక మామిడి తోటలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న చిట్టడవిలోనూ కుటుంబాల కోసం ఓరియంటీరింగ్ నిర్వహిస్తున్నాం. ఈ ఆట మన ప్రాంతంలో చాలామందికి కొత్త కాబట్టి, పేర్లు నమోదు చేసుకుంటున్న తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్నలన్నింటికీ ఇక్కడ వివరంగా సమాధానాలు ఇస్తున్నాం. భద్రతకు సంబంధించిన భాగాలను మాత్రం పిల్లలతో కలిసి కూర్చుని ఒకసారి చదవాలని మనవి.

ఓరియంటీరింగ్ అంటే ఏమిటి?

పటం, దిక్సూచి చేతపట్టుకొని, పటంలో గుర్తు పెట్టిన చోట్లను నేల మీద ఒక్కొక్కటిగా కనుక్కుంటూ వెళ్లే ఆట ఇది. ఆ చోట్లను కంట్రోళ్లు అంటారు. ప్రతి కంట్రోల్ దగ్గర తెలుపు, నారింజ రంగుల్లో మూడు పలకల గుడ్డ జెండా వేలాడుతూ ఉంటుంది. ఒక్కో పలక పొడవు, వెడల్పు 30 సెంటీమీటర్లు. జెండా పక్కనే సూదులున్న చిన్న పంచ్ ఉంటుంది. దానితో మీ కార్డులో సరైన గడిని గుచ్చాలి. ప్రతి పంచ్‌లో సూదుల అమరిక వేరుగా ఉంటుంది కాబట్టి, మీరు ఏ కంట్రోల్‌కు వెళ్లారో కార్డు మీది రంధ్రాలే చెబుతాయి. రెండు కంట్రోళ్ల మధ్య ఏ దారిన వెళ్లాలో ఎవరూ చెప్పరు. కాలిబాట పట్టుకొని చుట్టు తిరిగి వెళ్లాలా, చెట్ల మధ్య నుంచి అడ్డంగా వెళ్లాలా అన్నది పటం చూసి మీరే తేల్చుకోవాలి. పరుగు కంటే ఆలోచనకు ఎక్కువ విలువ ఉన్న ఆట కాబట్టే పదేళ్ల పిల్లలు కొన్నిసార్లు పెద్దవాళ్లకంటే ముందుంటారు.

19వ శతాబ్దం చివర స్వీడన్‌లో సైనికుల శిక్షణగా ఇది మొదలైంది. సాధారణ ప్రజలు పాల్గొన్న తొలి పోటీ 1897లో నార్వేలో జరిగింది. 1919లో స్వీడన్ సైనికాధికారి ఎర్న్‌స్ట్ కిలాండర్ స్టాక్‌హోమ్ దగ్గర పెద్ద ఎత్తున పోటీ నిర్వహించి దీన్ని యువకుల ఆటగా మలిచారు. 1961లో అంతర్జాతీయ ఓరియంటీరింగ్ సమాఖ్య ఏర్పడింది. క్రిస్మస్ సెలవుల్లో కుటుంబాల కోసం వేషాలతో, అలంకరణలతో సరదా ఓరియంటీరింగ్ జరపడం బ్రిటన్‌లోని క్లబ్బుల్లో ఆనవాయితీ. ఆ సరదాను మన నేలకు, మన ఎండకు, మన పిల్లలకు తగినట్టు ఇక్కడ జరుపుతున్నాం.

శేషాచలం కొండలు ఇంత దగ్గర ఉండగా తోటలో ఎందుకు? తలకోనలో పెట్టకూడదా?

మాకు అన్నింటికంటే ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే, దీనికి సూటిగానే సమాధానం చెప్పాలి. శేషాచలం అడవుల్లో చాలా భాగం రక్షిత ప్రాంతం. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం 1989లో ఏర్పడింది, తలకోన దాని పరిధిలోనిదే. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా బాట దిగి లోపలికి వెళ్లడం నేరం. ఎర్రచందనం దొంగరవాణాను అరికట్టడానికి నిరంతరం గస్తీ తిరిగే అడవిలోకి పిల్లల చేతికి పటమిచ్చి పంపడం ఏ విధంగానూ సమంజసం కాదు. చిరుతల సంగతి కూడా మరువకూడదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి చిరుత దాడిలో ప్రాణాలు కోల్పోయిన ఘటన ఈ ఊరివాళ్లందరికీ గుర్తుంది. చిత్తూరు జిల్లాకు పడమటి వైపున పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు తిరుగుతుంటాయి కాబట్టి అటువైపు చూడలేదు.

అనుమతుల మాట పక్కన పెట్టినా, జాతీయ వనం దేవాంగ పిల్లికీ, బంగారు బల్లికీ నివాసం, వందలమంది ఒకేసారి పొదలు తొక్కుకుంటూ తిరగడానికి తగిన చోటు కాదు. అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లు అడవిలోకి అడుగు పెట్టకుండా ఉండాల్సిన సందర్భాలూ ఉంటాయి, ఇది అలాంటిదని మా నమ్మకం. అందువల్ల యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన ప్రైవేటు భూమిని ఎంచుకున్నాం. అందులో మామిడి తోట, పాత చింతతోపు, గుండ్లు పేరుకున్న ఒక చిన్న గుట్ట, వర్షాకాలంలో పారే వంక, చెరువు కట్ట ఉన్నాయి. పటం చదవడం నేర్చుకోవడానికి ఇన్ని రకాల ఆనవాళ్లు ఒకేచోట దొరకడం అరుదు.

ఎవరెవరు పాల్గొనవచ్చు? చిన్నపిల్లలు నడవగలరా?

నడక వచ్చిన ప్రతి ఒక్కరూ పాల్గొనవచ్చు. తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు తప్పకుండా రావాలి. పొలాల్లో తిరిగి పెరిగినవాళ్లకు గట్టు, వంక, దొరువు, మిట్ట అన్నవి కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి, పటంలోని గోధుమరంగు గీతలు ఏం చెబుతున్నాయో మనవళ్లకు వాళ్లు వివరించినంత చక్కగా మేము వివరించలేము.

ఆరేళ్లలోపు పిల్లలకు తాడు దారి ఏర్పాటు చేశాం. మామిడి వరుసల మధ్య నడుము ఎత్తున దాదాపు 400 మీటర్ల పొడవున తాడు కట్టి ఉంటుంది. తాడు పట్టుకొని నడుస్తూ పోతే క్రీస్తు పుట్టుక కథలోని గొర్రె, గాడిద, ఒంటె, పశువుల తొట్టి, గొల్లవాళ్లు, జ్ఞానులు ఒక్కొక్కరే బొమ్మలుగా ఎదురవుతారు. చివర నక్షత్రం ఉంటుంది. పిల్లల చేతిలోని పటంలో ఆ బొమ్మ ఎక్కడుందో వేలితో చూపించాలి, అంతే. తాడు వదలకుండా నడవడం వాళ్లకు, వెంట నడుస్తూ చూడడం మీకు.

ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలున్న కుటుంబాలకు తోట దారి సరిపోతుంది. దీని పొడవు సుమారు 2 కిలోమీటర్లు. కంట్రోళ్లన్నీ బండి బాటలకో, గట్లకో ఆనుకొని ఉంటాయి. వాటిని పటంలో చూపిన వరుసలోనే చేరాలి. అలవాటున్నవాళ్లకూ, పెద్దపిల్లలకూ గుట్ట దారి ఉంది. దీనిలో వరుస లేదు. గంట సమయం ఇస్తాం, ఆ గంటలో మీకు వీలైనన్ని కంట్రోళ్లు చేరవచ్చు. దగ్గరివాటికి 10 పాయింట్లు, దూరంగా లేదా కష్టంగా ఉన్నవాటికి 20, 30 పాయింట్లు ఉంటాయి. ఆలస్యమైన ప్రతి నిమిషానికి 10 పాయింట్లు తగ్గుతాయి. కాబట్టి గడియారం చూసుకొని, చివరి 30 పాయింట్ల ఆశ వదులుకొని వెనక్కి తిరిగినవాళ్లే సాధారణంగా గెలుస్తారు.

పన్నెండేళ్లలోపు పిల్లలు ఏ దారిలోనైనా పెద్దవాళ్లతోనే వెళ్లాలి. పన్నెండు దాటినవాళ్లు తల్లిదండ్రుల సంతకంతో ఇద్దరిద్దరుగా వెళ్లవచ్చు. ఒంటరిగా ఎవరినీ పంపము.

మాకు పటం చదవడం రాదు. అక్కడికక్కడే నేర్పిస్తారా?

నేర్పిస్తాము. బయలుదేరే ముందు ప్రతి కుటుంబంతో పది నిమిషాలు గడుపుతాం. అయినా ఇంటి దగ్గరే కొంత తెలుసుకొని వస్తే ఆట మరింత ఆనందంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెబుతున్నాం.

మా పటం స్కేలు 1:4000. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. నీలం రంగు నీటిని సూచిస్తుంది: చెరువు, వంక, నీటి తొట్టి. గోధుమ రంగు నేల ఎత్తుపల్లాలను చూపుతుంది. పాఠశాలలో చదువుకున్న కాంటూరు రేఖలే ఇవి, దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే చదును. నలుపు రంగులో గుండ్లు, బండలు, బాటలు, కట్టడాలు ఉంటాయి. పసుపు రంగు చెట్లు లేని ఖాళీ నేల. ఇక చాలామంది పొరబడేది తెలుపు, ఆకుపచ్చ రంగుల దగ్గర. తెలుపు అంటే ఏమీ లేదని కాదు, చెట్ల మధ్య హాయిగా నడవగలిగిన అడవి అని అర్థం. ఆకుపచ్చ ఎంత ముదిరితే పొదలు అంత దట్టమని తెలుసుకోవాలి. ముదురు ఆకుపచ్చ కనిపిస్తే మన నేల మీద అది సర్కారు తుమ్మో, లంటానానో, రేగు కంపో అయి ఉంటుంది. అటు వెళ్లవద్దు, చుట్టి వెళ్లండి.

ఊదా రంగులో అచ్చువేసినవి ఆటకు సంబంధించిన గుర్తులు. త్రిభుజం బయలుదేరే చోటు, వృత్తాలు కంట్రోళ్లు, ఒకదానిలో ఒకటిగా రెండు వృత్తాలుంటే గమ్యం. కంట్రోల్ సరిగ్గా వృత్తం మధ్యలో ఉంటుంది. వృత్తం మధ్యలో పటం ఏం చూపుతోందో ముందుగా చూడండి. అక్కడ నల్లచుక్క ఉంటే గుండు పక్కన వెతకాలి, నీలి గీత వంపు తిరిగి ఉంటే వంక మలుపులో వెతకాలి. జెండా కోసం కళ్లు చికిలించి నాలుగు దిక్కులా వెతికేవాళ్లకంటే, గుండు ఎక్కడుందో చూసుకొని నేరుగా గుండు దగ్గరికి వెళ్లేవాళ్లకే జెండా ముందు దొరుకుతుంది.

రెండు అలవాట్లు చేసుకుంటే చాలు. మొదటిది, మీరు ఎటు తిరిగితే పటాన్ని దానికి తగ్గట్టు తిప్పుకోవడం. బాట మలుపు తిరిగి మీరు ఎడమకు తిరిగినప్పుడు చేతిలోని పటం కుడికి తిరగాలి, అప్పుడే పటంలో ముందున్నది మీ కళ్ల ముందుంటుంది. అక్షరాలు తలకిందులైనా ఫరవాలేదు. రెండోది, మీరున్న చోట బొటనవేలు పెట్టి, నడిచే కొద్దీ వేలిని జరుపుకుంటూ పోవడం. పిల్లలకు ఇది ఎంత బాగా వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

దూరం తెలియడానికి అడుగులు లెక్కపెట్టవచ్చు. కుడికాలు నేలకు ఆనిన ప్రతిసారీ ఒకటి చొప్పున లెక్కిస్తే, నడిచే పెద్దవాళ్లకు 100 మీటర్లకు సుమారు 60 నుంచి 65 వస్తాయి. పిల్లలకు ఇంకా ఎక్కువ వస్తాయి. బయలుదేరే చోట కొలిచి గీసిన 100 మీటర్ల గీత ఉంటుంది, దాని మీద నడిచి ఎవరి లెక్క వాళ్లు తెలుసుకోవచ్చు.

దిక్సూచి తప్పనిసరా? లేకపోతే దిక్కులు ఎలా తెలుస్తాయి?

తప్పనిసరి కాదు. కావలసినవాళ్లకు మేమే ఇస్తాం. దాన్ని పటం మీద పెట్టి, పటంలో ఉత్తరాన్ని సూచించే గీతలు ఎర్రసూదికి సమాంతరంగా వచ్చేవరకు పటాన్ని తిప్పాలి. ఇనుప గేటు, పంపుసెట్టు మోటారు, కరెంటు స్తంభం, జేబులోని ఫోను పక్కన సూది సరిగ్గా నిలవదు కాబట్టి నాలుగడుగులు దూరం జరిగి చూడాలి.

దిక్సూచి లేకున్నా ఈ నెలలో మనకు ఒక చక్కని సాయం ఉంది. డిసెంబరులో సూర్యుడు మనకు బాగా దక్షిణంగా ఉంటాడు. అందువల్ల తిరుపతిలో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో నిలువు కర్ర నీడ సరిగ్గా ఉత్తరం వైపు పడుతుంది. ఉదయం తొమ్మిదికైతే నీడ వాయవ్యం వైపు సాగి ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ ఉత్తరానికి జరుగుతూ వస్తుంది. బయలుదేరే చోట ఒక వెదురు కర్ర పాతి, అరగంటకు ఒక గులకరాయి చొప్పున నీడ కొనను గుర్తిస్తాం. పిల్లలు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ రాళ్ల వరుసను చూడవచ్చు. అయితే ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన తలకు ఉత్తరంగా ఉంటాడు, అప్పుడు నీడ దక్షిణం వైపు పడుతుంది. వేసవి సెలవుల్లో ఈ ఉపాయం వాడితే దారి తలకిందులవుతుందని పిల్లలకు తప్పక చెప్పండి.

ఫోనులో మ్యాపు చూసుకోవచ్చా?

వద్దని మా అభ్యర్థన. ఫోను తెచ్చుకోండి, అత్యవసరానికి దగ్గర ఉంచుకోండి, కానీ మీరున్న చోటును చూపే యాప్‌ను తెరవవద్దు. నీలిచుక్క మీరెక్కడున్నారో చెప్పేసిన క్షణంలో పిల్లలు చుట్టూ చూడడం మానేస్తారు. వంక ఎటు పారుతోంది, ఎండ ఏ భుజం మీద పడుతోంది, ఇందాక దాటిన చింతచెట్టు ఇప్పుడు ఎటువైపుంది అని వాళ్లు తమంతట తాము గమనించుకోవాలనే ఈ ఉదయాన్నంతా ఏర్పాటు చేశాం. ఇదే వరసలో ఇంకొక మాట: పటం పిల్లల చేతిలో ఉండనివ్వండి. వాళ్లు తప్పు బాట పడుతున్నారని తెలిసినా వెంటనే దిద్దకండి, ఓ యాభై అడుగులు వాళ్ల వెంట నడవండి. "ఇక్కడ బావి కనిపించాలి కదా, లేదేంటి?" అని వాళ్లే ఆగి అడిగే క్షణం కోసం కాచుకోండి. తల్లిదండ్రులకు ఇది కష్టమని తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో మేము పట్టుబడుతున్నాం.

దారి తప్పితే ఏం చేయాలి?

ముందుగా ఆగండి. కంగారులో వేగం పెంచి ముందుకు పోతే సమస్య పెరుగుతుంది. పటాన్ని దిక్కుకు సరిచేసుకొని, "ఇక్కడున్నామని ఖచ్చితంగా తెలిసిన ఆఖరి చోటు ఏది?" అని ఆలోచించి, అక్కడికి వెనక్కి వెళ్లండి. అది కూడా గుర్తురాకపోతే దక్షిణం వైపు నడవండి. ఆట జరిగే నేలంతటికీ దక్షిణపు హద్దుగా తారు రోడ్డు ఉంది, ఎక్కడి నుంచి నడిచినా దాన్ని చేరుతారు. రోడ్డు మీద మా కార్యకర్తలు ఉంటారు.

ప్రతి బృందానికి ఒక ఈల ఇస్తాం. కాలు బెణికినా, ఇంకే ఆపద వచ్చినా నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు మూడుసార్లు ఊది బదులిస్తారు. ఆ ఈల విన్నవాళ్లెవరైనా ఆట వదిలేసి సాయానికి వెళ్లాలన్నది ఈ ఆటలో మార్పులేని నియమం. ఆడుకోవడానికి ఊదకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఒక విషయం మరువకండి. మీరు అన్ని కంట్రోళ్లూ పూర్తిచేసినా, సగంలో మానేసినా, గమ్యం దగ్గరికి వచ్చి మీ కార్డు ఇచ్చి తీరాలి. చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయిన ఒక్క కుటుంబం కోసం పదిమంది మధ్యాహ్నమంతా పొదలు గాలించాల్సి వస్తుంది.

తోటల్లో పాత బావులు ఉంటాయి కదా, పిల్లలకు ప్రమాదం కాదా?

ఈ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు, ఎందుకంటే మన వైపు నేలబావులే అన్నింటికంటే పెద్ద ప్రమాదం. బోర్లు వచ్చాక వాడకం మానేసిన బావులు చాలా తోటల్లో గోడ లేకుండా, అంచున గడ్డి పెరిగి, పక్కకు వచ్చేవరకు కనిపించకుండా ఉంటాయి. ఆట జరిగే నేలలో ఉన్న ప్రతి బావి చుట్టూ నడుము ఎత్తున కర్రలు పాతి, ఎరుపు తెలుపు పట్టీ రెండు వరుసలుగా కడతాం. పటంలో ఆ చోట్లను ఊదా రంగు అడ్డగీతలతో నిషిద్ధ ప్రాంతంగా చూపిస్తున్నాం. ప్రతి బావి దగ్గర ఒక పెద్దమనిషి ఆట ముగిసేవరకు కూర్చుని ఉంటారు. ఏ కంట్రోల్‌నూ బావి దగ్గర పెట్టలేదు, ఒక కంట్రోల్ నుంచి మరో కంట్రోల్‌కు నేరుగా గీసిన గీత ఏదీ బావి మీదుగా పోకుండా చూసుకున్నాం. చెరువు వైపు కూడా అంతే: కట్ట మీద నడవవచ్చు కానీ, నీటి వైపు దిగకూడదు. పట్టీ దాటిన బృందాన్ని, అది ఎవరిదైనా సరే, ఆట నుంచి తప్పిస్తాం.

పాములు, తేళ్లు, ముళ్ల సంగతి ఏమిటి?

పాములు ఉండే నేలే ఇది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. మనిషి అడుగుల అదురుకు పాములు సాధారణంగా తప్పుకుంటాయి, కానీ రక్తపింజరి కదలకుండా ఎండుటాకుల్లో పడి ఉండే రకం. అందువల్ల కాలు పెట్టే చోటు చూసి పెట్టాలి, గుండ్ల సందుల్లో చేయి పెట్టకూడదు, రాళ్లు తిప్పకూడదు. అన్ని జెండాలనూ కంటికి ఎదురుగా ఖాళీ నేల మీద కట్టాం. పుట్టలను ఆనవాళ్లుగా పటంలో గుర్తించాం కానీ, వాటి దగ్గర జెండా కట్టలేదు. లోపల పాములుండవచ్చు, పైగా వాటిలో కొన్నింటికి ఊరివాళ్లు పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తారు. పాము కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకూడదు. కరిచిన అవయవాన్ని కదపకుండా, మనిషిని పడుకోబెట్టి, ఈల ఊదాలి. వాహనం సిద్ధంగా ఉంటుంది, 108కి సమాచారం అందిస్తాం, తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకువెళ్తాం.

ఈ కాలంలో మరో రెండు మొక్కల గురించి తెలుసుకోవాలి. దురదగొండి కాయలు డిసెంబరు, జనవరిలో ముదిరి, పైన బంగారు గోధుమరంగు నూగుతో వేలాడుతుంటాయి. చూడడానికి మెత్తని వెల్వెట్టులా ఉండి పిల్లలను చేయి చాపమంటాయి. ఆ నూగు తగిలితే గోకకూడదు, రుద్దకూడదు. అంటుకునే టేపుతో నూగును ఎత్తి తీసి, తర్వాత నీళ్లతో కడగాలి. ప్రథమ చికిత్స బల్ల దగ్గర టేపు ఉంటుంది. రెండోది గురివింద. కాయ పగిలి ఎర్రటి గింజలు నల్లచుక్కతో మెరుస్తుంటాయి. వాటిని కొరికి మింగితే ప్రాణాపాయం. ఏరుకోవద్దని, నోట్లో అసలే పెట్టుకోవద్దని చిన్నపిల్లలకు ముందే చెప్పాలి. రేగుపళ్లు మాత్రం కడుక్కొని తినవచ్చు, ముల్లు మీది, పండు మీది.

గుట్ట మీది పెద్ద బండకు తేనెపట్టు ఉంటే ఆ వైపు మొత్తాన్ని మూసేస్తాం. ఘాటైన అత్తరులు, సెంట్లు పూసుకొని రావద్దు.

ఏ బట్టలు వేసుకోవాలి? క్రిస్మస్ తాత వేషం వేయవచ్చా?

కాళ్లను పూర్తిగా కప్పే ప్యాంటు లేదా సల్వారు, మడమను పట్టి ఉంచే బూట్లు అవసరం. చెప్పులతో వచ్చినవాళ్లను తాడు దారికి మాత్రమే అనుమతిస్తాం. ఎర్రటోపీ, మెడలో నక్షత్రం, చొక్కాకు గంట, ఇవన్నీ పెట్టుకోవచ్చు, మంచి వేషాలకు చిన్న బహుమతులూ ఉన్నాయి. క్రిస్మస్ తాత నిండు వేషం వేయదలచినవాళ్లు పలుచని నూలు గుడ్డతో కుట్టించుకోండి. డిసెంబరైనా పది దాటాక మన ఎండ ఎండే. దూది గడ్డం తుమ్మకంపకు చిక్కుకుంటుంది. పండగకు కుట్టించిన కొత్త పట్టు లంగాలు ఆదివారం తోటకు కాకుండా 25వ తేదీకే దాచి ఉంచమని మా సలహా.

మెరుపుల కాగితాలు, బుడగలు, థర్మాకోల్ తేవద్దు. ఆట ముగిసిన సాయంత్రం ఆ తోటలోకి ఆవులు, మేకలు మేతకు వస్తాయి, నేల మీద మిగిలిన ప్లాస్టిక్ వాటి కడుపులోకి పోతుంది. మేము కట్టే నక్షత్రాలు తాటాకువీ, కాగితానివీ, గంటలు మట్టివి. కొవ్వొత్తులు, టపాసులు పూర్తిగా నిషేధం, ఎందుకంటే ఈ సమయానికి గుట్ట మీది బోదగడ్డి ఎండి, నిప్పురవ్వ పడితే చాలన్నట్టు ఉంటుంది.

మామిడి చెట్లెక్కవచ్చా?

ఎక్కకూడదు, కొమ్మలు లాగకూడదు. డిసెంబరు, జనవరిలో మామిడికి పూత వచ్చే సమయం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి మీద బతికే కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. ఒక కొమ్మ విరిగితే రైతుకు అక్కడి కాపు పోయినట్టే. అలాగే డ్రిప్పు పైపులను తొక్కకుండా దాటాలి, గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. తోటలో ఆట రోజుకు ముందు వారమంతా మందు పిచికారీ చేయబోమని యజమాని మాట ఇచ్చారు.

మేము క్రైస్తవులం కాదు. రావచ్చా?

నిస్సంకోచంగా రావచ్చు. ఇందులో ప్రార్థన గానీ, ప్రసంగం గానీ, కరపత్రాలు గానీ ఉండవు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని ఆనవాలుగా పెట్టుకొని దూరప్రయాణం చేసి బాలుణ్ణి చూశారన్న కథ దారి వెతికే ఆటకు ఎంతో సహజంగా అమరింది కాబట్టి, చివరి కంట్రోల్‌కు నక్షత్రం పెట్టాం. గమ్యం దగ్గర పిల్లలు క్యారల్స్ పాడతారు, ఇష్టమైనవాళ్లు గొంతు కలపవచ్చు. క్రైస్తవ కుటుంబాల ఆదివారపు ఆరాధనకు అడ్డం రాకుండా మొదటి బృందాలను ఉదయం 7 గంటలకే పంపుతున్నాం. ఆరాధన ముగించుకొని వచ్చేవాళ్ల కోసం 10:30 వరకు కూడా బయలుదేరే అవకాశం ఉంచాం. ధనుర్మాసపు తెల్లవారుజామున గుడికి వెళ్లి వచ్చేవాళ్లకూ ఈ వేళలు అనుకూలమే.

తినడానికి ఏముంటుంది?

గమ్యం దగ్గర పొంగలి, ఇడ్లీ, మజ్జిగ, అరటిపళ్లు, కేకు, గులాబీ పువ్వులు, మురుకులు. అన్నీ శాకాహారమే. ఈ నెలంతా గుడ్డు కూడా ముట్టని ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి కాబట్టి కేకు గుడ్డు లేకుండా చేయిస్తున్నాం. విస్తరాకుల్లో వడ్డిస్తాం. నీళ్ల సీసా, గ్లాసు మీరే తెచ్చుకోవాలి.

చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు పాల్గొనగలరా?

పాల్గొనగలరు. అంతర్జాతీయ సమాఖ్య గుర్తించిన ఓరియంటీరింగ్ విభాగాల్లో ట్రెయిల్ ఓరియంటీరింగ్ ఒకటి. అందులో వేగంతో పని లేదు. బాట మీద నిలబడో, కూర్చునో, దూరంగా కనిపించే అనేక జెండాల్లో పటంలోని వృత్తానికి సరిపోయేది ఏదో తేల్చి చెప్పాలి. తోటలోని గట్టి మట్టిరోడ్డు పొడవునా అలాంటి ఆరు చిక్కుప్రశ్నలు అమర్చాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా ఇదే ఎంచుకోవచ్చు. అనుభవజ్ఞులకు సైతం ఇవి అంత తేలిక కాదు.

వాన వస్తే?

ఈశాన్య రుతుపవనాల చివరి రోజులు కాబట్టి ఈ భయం సహజం. తుంపరైతే ఆట సాగుతుంది. వాతావరణ శాఖ భారీ వర్షాల హెచ్చరిక జారీ చేసినా, వంకలో మోకాలు లోతుకు మించి నీరు పారుతున్నా జనవరి మొదటి ఆదివారానికి వాయిదా వేస్తాం. నిర్ణయాన్ని శనివారం సాయంత్రం 6 గంటలకు నమోదైన ఫోన్లన్నింటికీ సందేశంగా పంపుతాం.

ఎలా చేరుకోవాలి?

తిరుపతి నుంచి చంద్రగిరికి సుమారు 15 కిలోమీటర్లు. పీలేరు, మదనపల్లె వైపు వెళ్లే ఆర్టీసీ బస్సులు అటుగా పోతాయి. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు పాకాల మీదుగా రైల్లో చంద్రగిరి చేరవచ్చు, ఏ రైలు అక్కడ ఆగుతుందో ముందుగా చూసుకోండి. వైకుంఠ ఏకాదశి దగ్గరపడే రోజులు కావడంతో తిరుపతిలో గదులు దొరకడం కష్టం కాబట్టి పొరుగూళ్ల నుంచి వచ్చేవాళ్లు అదే రోజు తిరిగి వెళ్లేలా ఏర్పాటు చేసుకోవడం మేలు. తోట ఖచ్చితమైన చిరునామా నమోదైనవాళ్లకే పంపుతాం. యజమాని కోరిన షరతు ఇది.

రుసుము ఎంత?

పటానికి 150 రూపాయలు. మనిషికి కాదు. ఒక కుటుంబమంతా ఒకే పటంతో వెళ్లవచ్చు, అయితే ప్రతి బిడ్డకూ ఒక పటం ఉంటే గొడవలు తగ్గుతాయి. తాడు దారి ఉచితం. పెంపుడు కుక్కలను తేవద్దు, తోటలో కాపలా కుక్కలు ఉన్నాయి.

ఆట ముగిశాక సాయం చేయవచ్చా?

తప్పకుండా. మధ్యాహ్నం పన్నెండుకు ఆట ముగియగానే జెండాలు, పట్టీలు, తాడు, తాటాకు నక్షత్రాలు అన్నీ ఏరి తీసుకురావాలి. పెద్దపిల్లలున్న కుటుంబాలకు ఇది మంచి అవకాశం. ఒక్కో బృందానికి నాలుగు కంట్రోళ్ల పటం ఇస్తాం, ఆ నాలుగు జెండాలనూ విప్పి తెస్తే చాలు. పోటీ లేదు, గడియారం లేదు, దారి మాత్రం మీరే వెతుక్కోవాలి. బావుల చుట్టూ కట్టిన పట్టీలను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లలందరూ గేటు దాటారని లెక్క సరిపోయాక వాటిని మా కార్యకర్తలే తీస్తారు.